మా ఇంటి కార్న్ స్నేక్‌ల రంగుల లెక్క: ప్రాజెక్టు డైరీ, 2019–2024

2019 నవంబరు 17, కొలంబస్, ఒహాయో

ఈ రోజుతో రెండు పాములకూ మేత ఆపేశాను. డిసెంబరు మొదటి వారంలో వాటిని శీతనిద్రకు పంపాలి. కడుపులో ఎలుక అరగకుండానే ఒళ్ళు చల్లబడితే అది లోపలే కుళ్ళి పాము ప్రాణం మీదికి వస్తుంది కనుక, రెండు వారాల ఉపవాసం తప్పదు. బేస్‌మెంట్‌లో కిటికీ పక్కనున్న అరలో చలికాలమంతా వేడి 52 నుంచి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య నిలకడగా ఉంటుందని పోయిన ఏడాదే థర్మామీటరు పెట్టి చూసుకున్నాను.

ప్రాజెక్టులో ఉన్నవి రెండు కార్న్ స్నేక్‌లు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలకు చెందిన ఈ జాతి మన జెర్రిపోతుకు దూరపు బంధువు. విషం లేదు, చేతిలోకి తీసుకుంటే చాలావరకు నెమ్మదిగానే ఉంటుంది. అడవిలో దొరికే పాముకు నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు, ప్రతి మచ్చ చుట్టూ నల్లటి అంచు, పొట్ట కింద చదరంగం బల్లలాగా నలుపు తెలుపు గళ్ళు ఉంటాయి. పెంపకందార్లు దీన్ని నార్మల్ అంటారు. ఇందులో నలుపు పోతే మిగిలేది అమెల్, ఎరుపు పోతే మిగిలేది ఎనరీ, రెండూ పోతే స్నో. పాము చర్మంలో నలుపును, ఎరుపు పసుపులను వేర్వేరు కణాలు పట్టి ఉంచుతాయి కనుకనే, నలుపు పోయిన పాము మనం ఊహించుకునే తెల్లటి పాములా ఉండదు, నిప్పుకణికలా ఉంటుంది.

ఆడపాము పేరు మల్లె, స్నో, ఐదేళ్ళ వయసు. తన పాములన్నిటినీ వదిలించుకుంటున్న ఒకాయన దగ్గర ఈ సెప్టెంబరులో కొన్నాను. మగదాని పేరు భస్మం. 2016లో ఒక సరీసృపాల సంతలో పిల్లగా ఉన్నప్పుడు కొన్నాను. దాని డబ్బా మీద అంటించిన చీటీలో "ఎనరీ, హెట్ అమెల్" అని రాసి ఉంది. హెట్ అంటే పదో తరగతి జీవశాస్త్రంలో మనం విషమయుగ్మజం అని చదువుకున్నదే: ఆ జన్యువు ఒక ప్రతి చెడి, రెండోది బాగుండటం వల్ల లక్షణం బయటపడకుండా లోపల దాగి ఉండటం. అమెల్, ఎనరీ రెండూ అంతర్గత లక్షణాలే కనుక, రెండు ప్రతులూ చెడితేనే కంటికి కనిపిస్తాయి.

ఈ లెక్కకు మూలం చాలా పాతది. 1953లో నార్త్ కరోలినాలో నలుపు లేని మగ కార్న్ స్నేక్ ఒకటి అడవిలో దొరికింది. బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవ్యాధుల వైద్యుడు దాని సంతతిని పెంచి, 1961లో మనవల తరంలో మళ్ళీ అమెల్ పిల్లలను పుట్టించి, మెండెల్ బఠాణీల్లో చూసిన సూత్రమే పాము చర్మం మీదా నడుస్తుందని 1962లో ప్రచురించాడు.

నా లెక్క అంతకన్నా సులువు. మల్లెలో రెండు జన్యువులూ పూర్తిగా చెడ్డవే. భస్మంలో ఎనరీ పూర్తిగా, అమెల్ సగం చెడ్డవి. కాబట్టి పిల్లల్లో ఒక్కదానికీ ఎరుపు ఉండకూడదు. సగం బూడిద రంగు ఎనరీలు, సగం స్నోలు పుట్టాలి.

2020 ఏప్రిల్ 18

ఫిబ్రవరి నెలాఖరున లేపాను. రెండూ బాగా తింటున్నాయి. శీతనిద్ర తరవాతి మొదటి కుబుసం మల్లె మొన్న విడిచింది, ఈ రోజు జత కలిపాను. భస్మం ముందు మొహం తిప్పుకుని మూలకు పోయింది. పావుగంట తరవాత తనే వచ్చింది.

2020 జూన్ 3

తడి నాచు నింపిన డబ్బాలో మల్లె నిన్న రాత్రి 17 గుడ్లు పెట్టింది. ఒకదానికొకటి అతుక్కుని ఉన్న గుడ్లను విడదీయలేదు. ఏ గుడ్డు ఏ వైపు పైకి ఉందో పెన్సిలుతో చిన్న గీత గీసి, ఆ వైపే పైకి ఉండేట్టు తేమను పట్టి ఉంచే వర్మిక్యులైట్ అనే ఖనిజపు పలుకులను తడిపి వాటిలో సర్దాను. కోడిగుడ్డులా పాముగుడ్డును తిప్పకూడదు; లోపలి పిండం గోడకు అతుక్కున్నాక తిప్పితే అది బతకదు. ఇంక్యుబేటరు 82 డిగ్రీల దగ్గర ఉంది. ఆఫీసు పని ఇంటి నుంచే జరుగుతోంది కనుక, ఒక్కో మీటింగు మధ్యలో బేస్‌మెంట్‌కు దిగి చూసి రావడం అలవాటైపోయింది.

2020 ఆగస్టు 2

మొదటి గుడ్డు మీద నాలుగు చీలికలు కనబడ్డాయి. పుట్టబోయే పిల్ల ముక్కు కొసన ఉండే చిన్న పన్నుతో పెంకును లోపలి నుంచి కోస్తుంది. కాని వెంటనే బయటికి రాదు, తల ఒక్కటే బయట పెట్టి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు అలాగే ఉండిపోతుంది. కాబట్టి నేను మొదట చూసింది తల మాత్రమే.

ఆ తల ఎర్రగా ఉంది. ఎర్రటి మచ్చ, దాని చుట్టూ నల్లటి గీత.

టార్చి మార్చి చూశాను. తడి వల్ల అలా కనబడుతోందేమో అనుకుని సాయంత్రం దాకా ఆగాను. సాయంత్రానికి మరో మూడు తలలు బయటికొచ్చాయి: రెండు నార్మల్, ఒకటి స్పష్టమైన అమెల్.

2020 ఆగస్టు 5

17 గుడ్లలో 14 పిల్లలయ్యాయి. 8 నార్మల్, 6 అమెల్. బూడిద రంగుది ఒక్కటీ లేదు, తెల్లది ఒక్కటీ లేదు.

దీన్ని దురదృష్టం ఖాతాలో వేయడానికి వీల్లేదు. సగానికి సగం రావలసినచోట 8, 6 రావడం బొమ్మాబొరుసు వ్యవహారం; కాని తల్లిదండ్రులిద్దరూ ఎనరీలైతే నార్మల్ పిల్ల పుట్టే అవకాశం తక్కువ కాదు, అసలు లేదు. లెక్క తప్పని ఒప్పుకోవడానికి పద్నాలుగు అక్కరలేదు, ఒక్క పిల్ల చాలు. అంటే నేను మొదట రాసుకున్న జన్యురూపాల్లో ఏదో ఒకటి తప్పు. మల్లె చర్మం మీద ఎరుపు లేదు, భస్మం చర్మం మీదా ఎరుపు లేదు, పిల్లల చర్మం నిండా ఎరుపు ఉంది.

2020 సెప్టెంబరు 13

నెల రోజులు నలిగిన తరవాత రెండు వివరణలు మిగిలాయి.

మొదటిది: ఈ పిల్లల తండ్రి భస్మం కాదు. ఆడపాము ఒకప్పటి జత తాలూకు వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుని తరవాతి గుడ్లకు వాడుకోగలదు. మల్లె నా దగ్గరికి వచ్చేనాటికే పెద్దది. పాత యజమాని ఇంట్లో ఏ నార్మల్ మగపాముతో కలిసిందో నాకు తెలియదు. ఆ మగది హెట్ అమెల్ అయితే సరిగ్గా ఇలాంటి గుడ్లే వస్తాయి.

రెండోది: తండ్రి భస్మమే, కాని భస్మం ఎనరీ కాదు. కార్న్ స్నేక్‌లో ఎరుపును పోగొట్టే జన్యువు ఒక్కటే కాదు. ఎనరీలాగే బూడిద రంగునిచ్చే చార్‌కోల్ అనే మరో అంతర్గత జన్యువు ఉంది. పిల్లలుగా ఉన్నప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టినా విడదీయడం కష్టం. ఎరుపు తయారై చర్మంలో నిలవడానికి చాలా దశలున్నాయి, ఏ దశ తెగినా పైకి కనిపించే ఫలితం ఒకటే. మల్లె ఇంట్లో రోలు లేదు, భస్మం ఇంట్లో రోకలి లేదు; ఇద్దరిళ్ళలోనూ పిండి లేదు. పిల్లకు తండ్రి నుంచి రోలు, తల్లి నుంచి రోకలి వస్తే పిండికి లోటేముంది?

ఈ మాట తట్టిన రాత్రి భస్మాన్ని బయటికి తీసి గొంతు చూశాను. ఎనరీ పాములకు వయసు వచ్చేకొద్దీ దవడ కింద, మెడ పక్కల పసుపు తేలుతుంది. చార్‌కోల్‌కు సాధారణంగా అది రాదు. నాలుగేళ్ళ భస్మం గొంతు ఉతికిన గుడ్డలా తెల్లగా ఉంది. నాలుగేళ్ళుగా వారానికోసారి దీనికి ఎలుకను పట్టకారుతో అందిస్తూనే ఉన్నాను, ఆ గొంతు ప్రతిసారీ నా కళ్ళముందే ఉంది. చీటీ మీద రాసినదాన్ని నమ్మాను కనుక చర్మాన్ని చూడలేదు.

అమ్మినవాళ్ళ మీద పెద్దగా కోపం లేదు. పిల్లప్పుడు వాళ్ళకూ తెలిసి ఉండకపోవచ్చు. తల్లిదండ్రుల రికార్డు చూపించమని నేను అడగలేదన్నదే అసలు చిరాకు.

2021 ఆగస్టు 9

పరీక్ష పూర్తయింది. ఇండియానాపోలిస్‌లో ఉన్న స్నేహితుడి దగ్గర చార్‌కోల్ మోట్లీ, అంటే బూడిద రంగుతోపాటు మచ్చల డిజైను కూడా మారిన ఆడపాము ఉంది. మూడేళ్ళది, అంతకు ముందు ఏ మగపాముతోనూ కలవనిది, కాబట్టి దాచుకున్న వీర్యం అనే అనుమానానికి తావు లేదు. "పిల్లల్లో సగం నాకు, ఫలితం ఇద్దరికీ" అన్న ఒప్పందం మీద వసంతంలో తెచ్చుకున్నాను. భస్మం నిజంగా ఎనరీ అయితే ఈ జతకు నార్మల్ పిల్లలు పుట్టాలి, చార్‌కోల్ అయితే అన్నీ బూడిద రంగువే పుట్టాలి.

12 గుడ్లు, 11 పిల్లలు. పదకొండూ బూడిద రంగే. భస్మం చార్‌కోల్.

అక్కడితో సంతృప్తి పడేవాణ్ణే కాని, కుబుసం విడిచాక వాటిని ఒక్కొక్కటిగా తూకం వేస్తూ ఏడు గ్రాముల పిల్ల ఒకదాన్ని వెల్లకిలా తిప్పితే, పొట్ట కింద గళ్ళు లేవు. మొదటి నుంచి చివరి దాకా సాదా తెలుపు. వీపు మీద మచ్చలు విడివిడిగా లేకుండా ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలో గుండ్రటి ఖాళీలను గొలుసులా వదిలాయి. అది మోట్లీ. పదకొండింటిలో ఐదు అలాగే ఉన్నాయి.

మోట్లీ కూడా అంతర్గత లక్షణమే. రంగును కాదు, డిజైనును మారుస్తుంది. తల్లి నుంచి ప్రతి పిల్లకూ ఒక మోట్లీ ప్రతి ఖాయంగా వస్తుంది కాని, రెండోది తండ్రి ఇవ్వకపోతే బయటపడదు. సగం పిల్లల్లో బయటపడిందంటే భస్మంలో ఇంకో రహస్యం ఉందన్నమాట. అయితే అది మోట్లీయే అనడానికి లేదు. అదే స్థానంలో ఉండే మరో యుగ్మ వికల్పకం, అంటే అదే జన్యువుకు ఇంకో రూపం, స్ట్రైప్. రెండు స్ట్రైప్ ప్రతులు కలిస్తే మచ్చలన్నీ మాయమై తల నుంచి తోక దాకా గీతలు పడతాయి. ఒక మోట్లీ, ఒక స్ట్రైప్ కలిస్తే మోట్లీ మాటే చెల్లుతుంది. కనుక ఈ ఐదు పిల్లలు మోట్లీ-మోట్లీయా, మోట్లీ-స్ట్రైపా అన్నది వాటి వీపు చూసి తేల్చలేను.

సంతలో కొన్న చీటీ మీద "ఎనరీ, హెట్ అమెల్" అని ఉండేది. దాన్ని ఇప్పుడు "చార్‌కోల్, హెట్ అమెల్, హెట్ మోట్లీ లేదా స్ట్రైప్" అని మార్చి రాశాను. అమెల్ ఒక్కటే మొదటి నుంచీ నిజం.

2022 డిసెంబరు 26

మంచు కురుస్తోంది, చేసే పని లేదు, చదువుతూ కూర్చున్నాను. అమెల్‌కు కారణమైన జన్యువును జెనీవా విశ్వవిద్యాలయంలో మిలిన్‌కోవిచ్ బృందం 2015లో గుర్తించింది. ఓసీఏ2 అనే జన్యువు మధ్యలోకి, జన్యుపటలంలో చోటు మార్చుకుంటూ తిరిగే డీఎన్‌ఏ ముక్క ఒకటి వచ్చి ఇరుక్కోవడంతో అది పాడైంది. మనుషుల్లోనూ ఇదే జన్యువు చెడితే ఒక రకం ఆల్బినిజం వస్తుంది. లావెండర్ అనే మరో రంగుకు ఎల్‌వైఎస్‌టీ అనే జన్యువు కారణమని అదే బృందం 2020లో చెప్పింది. ఆ జన్యువు కణంలోని చిన్న సంచులకు సంబంధించినది కనుక, ఒక్క నలుపునే కాక అన్ని రంగు కణాలనూ తాకుతుంది. పెంపకందార్లు పెట్టుకున్న పేర్లన్నీ కంటికి కనిపించినదాన్ని బట్టి పెట్టినవే. బూడిద రంగు విషయంలో ఆ పద్ధతి ఎలా మోసం చేస్తుందో నాకు అనుభవమైంది.

వసంతానికి జత నిర్ణయించాను. 2020 పిల్లల్లో నేను ఉంచుకున్న అమెల్‌లు రెండు, మగది 20-03, ఆడది 20-11. భస్మం తండ్రి అయితే రెండింటిలోనూ ఎనరీ ఒక ప్రతి, చార్‌కోల్ ఒక ప్రతి ఉండి తీరాలి. నార్మల్ తోబుట్టువులను కాదని వీటినే ఎంచుకోవడానికి కారణం, అమెల్ లెక్కను ముందే తేల్చేసుకోవడం. పిల్లలన్నీ అమెల్ పునాది మీదే పుడతాయి కనుక, చూడవలసినవి రెండు జన్యువులే: 16 భాగాల్లో 9 మామూలు అమెల్, 3 స్నో, 3 బ్లిజార్డ్, 1 రెండూ కలిసినది. అమెల్ మీద చార్‌కోల్ పడితే వచ్చే తెల్లపామును బ్లిజార్డ్ అంటారు. స్ట్రైప్ సంగతి వేరు. భస్మం నుంచి ఆ ప్రతి ఒక్కో పిల్లకు వచ్చే అవకాశం సగమే కనుక, రెండింటికీ వచ్చి ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు.

తోబుట్టువుల జత నాకు ఇష్టమైన పని కాదు. ఈ ఒక్క తరానికే, లోపల ఏముందో తెలుసుకోవడానికి చేస్తున్నాను. తరవాత బయటి రక్తం తేవలసిందే.

2023 జూన్ 24

20-11 మొన్న 10వ తేదీన 15 గుడ్లు పెట్టింది. ఒకటి చిన్నగా, పసుపుపచ్చగా, గట్టిగా ఉంది; అది ఫలించనిది, తీసేశాను.

నిన్న రాత్రి నా చేతులారా ఒక పొరపాటు జరిగింది. డబ్బాలో తడి చూసి మూత పెట్టేటప్పుడు వేడిని కొలిచే థర్మోస్టాట్ ప్రోబ్ జారి ఇంక్యుబేటరు అడుగున పడింది. అక్కడి చల్లదనాన్ని చూసి హీటరు రాత్రంతా పని చేసింది. పొద్దున్న గుడ్ల దగ్గర 91 డిగ్రీలు ఉంది. రెండు గుడ్లు అప్పుడే నలిగి ఉన్నాయి. ప్రోబ్‌ను ఈసారి టేపుతో అంటించాను. ఈ పని మూడేళ్ళ క్రితమే చేసి ఉండాల్సింది.

2023 ఆగస్టు 12

బాపట్ల నుంచి అమ్మ వచ్చి మూడు వారాలైంది. మొదటి వారం బేస్‌మెంట్ మెట్లు దిగలేదు. "ఒరేయ్, ఊళ్ళో నేను పుట్ట దగ్గరికెళ్ళి పాలు పోసి దణ్ణం పెట్టుకొచ్చేదాన్ని, నువ్వేమో పుట్టనే ఇంట్లో పెట్టుకున్నావు," అంది. ఎలుకలుంచే ఫ్రీజరు వేరేదని చూపించాకే వంటింట్లో అడుగు పెట్టింది. ఊళ్ళోనూ ఇలా పెంచొచ్చా అని అడిగితే, మన జెర్రిపోతును పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చెప్పాను. "మంచి చట్టం," అంది.

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి కేక పెట్టింది: "నాన్నా, తెల్లది! నాయనమ్మా, రా, తెల్లది వచ్చింది!" అమ్మ ఈసారి మెట్లు దిగింది.

12 పిల్లలు. 8 అమెల్, 4 తెలుపు-గులాబీ. పదహారింట ఏడు భాగాలు తెల్లవి రావాలి కనుక, పన్నెండింటికి ఐదు వస్తే సరిపోయేది; నాలుగుతో నాకు ఫిర్యాదు లేదు. తెల్లది ఒక్కటి పుట్టడమూ, 2021లో వచ్చిన పదకొండు చార్‌కోల్‌లూ కలిసి, దాచుకున్న వీర్యం కథకు దాదాపు చోటు లేకుండా చేశాయి. దాదాపు అనే రాస్తున్నాను, ఎందుకంటే మల్లె ఇచ్చిన ఎనరీ ప్రతులతోనే స్నోలు రావచ్చు. బ్లిజార్డ్ ఒకటి ఉందని తేలితేనే భస్మం తండ్రి అన్నది పూర్తిగా రుజువవుతుంది.

స్ట్రైప్ జవాబు మాత్రం పుట్టగానే దొరికింది. ఒక అమెల్ మీదా, ఒక తెల్లదాని మీదా మచ్చలు లేవు; తల వెనక నుంచి తోక దాకా దువ్వెనతో గీసినట్టు గీతలు. పన్నెండింట మూడు రావలసింది, రెండు వచ్చాయి. భస్మం దాచుకున్నది స్ట్రైప్. నాలుగింట ఒక వంతు అవకాశం నావైపు పడింది.

ఒక అమెల్ పిల్ల తోక కొస దగ్గర చిన్న వంపు ఉంది. అది ఆ రాత్రి వేడి వల్ల వచ్చిందా, తోబుట్టువుల జత వల్ల వచ్చిందా అని విడదీసి చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ప్రోబ్ సరిగ్గా ఉండి ఉంటే కనీసం ఒక అనుమానం తగ్గేది. ఆ పిల్లను అమ్మను, జత కలపను. అది మా అమ్మాయిది.

2023 అక్టోబరు 8

పిల్లలన్నీ తింటున్నాయి. ఐదు అమెల్‌లు కొత్త ఇళ్ళకు వెళ్తున్నాయి, చీటీలు రాయాలి. అమెల్‌గా కనిపించే ప్రతి పిల్ల ఎనరీకి హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు, చార్‌కోల్‌కూ అంతే. ఈ రంగంలో దీన్ని "66 శాతం హెట్" అంటారు. నాకు ఈ మాట నచ్చదు. వినేవాళ్ళకు ఆ పాములో జన్యువు 66 పాళ్ళు ఉందన్నట్టు వినిపిస్తుంది. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ అంకె మన తెలియనితనానిదే కాని పాముది కాదు. అందుకే అంకెతోపాటు మూడు తరాల పాముల రికార్డునూ, భస్మం విషయంలో చీటీ తప్పిన సంగతినీ ఒక పేజీగా రాసి ప్రతి డబ్బాలోనూ పెట్టాను.

2024 ఏప్రిల్ 21

నాలుగు తెల్లవాటినీ ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం కిటికీ వెలుతురులో చూస్తున్నాను. దీపం కింద చూడకూడదని నేర్చుకున్నాను, బల్బు పసుపు గొంతు మీద పడి మోసం చేస్తుంది.

23-05 మెడ పక్కన ఈ రోజు పసుపు కనబడింది. పసుపు నీళ్ళలో వేలు ముంచి ఒకసారి అద్దినట్టు, దవడ మూల నుంచి రెండు పొలుసుల మేర. కుబుసం విడిచి మూడు రోజులే అయింది కనుక పాత చర్మం మకిలి కాదు. వీపు మీద గులాబీ మచ్చలు కూడా స్పష్టంగా ఉన్నాయి. స్నో అని రాశాను.

23-02 వీపు మీద మచ్చల జాడ ఉండీ లేనట్టుంది, గొంతు వాళ్ళ తాత భస్మంలాగే తెల్లగా ఉంది. బ్లిజార్డ్ అని పెన్సిలుతో రాశాను. సిరాతో రాయడానికి ఇంకో ఏడాది ఆగుతాను. గీతలున్న 23-09 గొంతూ తెల్లగానే ఉంది.

23-12 దగ్గర తేల్చుకోలేకపోయాను. ఎడమ వైపు పసుపు ఉన్నట్టనిపిస్తుంది, కుడి వైపు తిప్పితే లేదు. మా అమ్మాయి ఉందంటోంది. జూన్‌లో మరో రెండు కుబుసాలు విడిచాక మళ్ళీ చూస్తాం.